సున్నం కన్నా ముందు సర్వే నెంబరు

ఒరే బాబూ,

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. నౌపడ ఇల్లు బాగుచేయించి, పైన నాలుగు గదులు వేసి, కిందవాటితో కలిపి ఎనిమిది చేసి, వచ్చేపోయేవాళ్లకు బస, పొద్దున్నే టిఫిను పెడతానన్నావు. బోర్డు మీద రాయించే పేరు కూడా అనుకున్నావు. మేస్త్రీతో మాట్లాడావు, ఏసీల వాడితో మాట్లాడావు. గ్రామ సచివాలయంలో మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీ అత్త ఉద్యోగమంతా తహసీలు ఆఫీసులో కాగితాల మధ్యే గడిచింది కదా, చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

ఆలోచన మంచిదే. కాదనను. చలికాలం వచ్చిందంటే తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, రంగుల కొంగలు గూళ్లు పెడతాయి. మనవాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు. గూడబాతు మన ఉపఖండం పిట్టే, ఆ సైబీరియా పేరు ఎవరు తగిలించారో గానీ వదలడం లేదు. ఏ పేరైతేనేం, చూడ్డానికి మెడలో కెమెరాలు వేసుకుని జనం వస్తున్నారు. కార్తీకమాసంలో రావివలస ఎండల మల్లికార్జునుడికి భక్తులు సరేసరి. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది కదా, అప్పట్నుంచి ఇంజినీర్ల రాకపోకలూ పెరిగాయి. ఇక మన జంక్షన్ సంగతి చెప్పాలా? 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న బండి బయల్దేరింది ఇక్కడినుంచే. ఆ లైను తర్వాత గుణుపురం దాకా సాగింది, ఇప్పుడు పెద్ద బండే నడుస్తోంది. దిగినవాళ్లకు మంచి పడక, మీ అమ్మ, అదే మా వదిన చేతి దిబ్బరొట్టె, ఓ గ్లాసు చోడి అంబలి దొరికితే మళ్లీ మళ్లీ వస్తారు. అందులో నాకు సందేహం లేదు.

సందేహమల్లా నువ్వన్న ఒక్క మాట దగ్గరే. "మన ఇల్లే కదత్తా, మన ఇంట్లో మనం నలుగుర్ని పడుకోబెట్టుకోడానికి ఎవడి పర్మిషనేటి?" అన్నావు.

ఇల్లు మనదే. కానీ ఆ ఇంటికి ఇచ్చిన అనుమతి కాపురానికి. డబ్బు తీసుకుని కొత్తవాళ్లను రోజువారీ దింపుకుంటే అది వ్యాపారం. గోడలు అవే, గుమ్మాలు అవే అయినా వాడకం మారిపోతుంది. ఇదేదో మన ఆఫీసులవాళ్లు కనిపెట్టిన తిరకాసు కాదు. ఇంట్లో పడక, పొద్దున టిఫిను ఇచ్చే అలవాటు బాగా నాటుకుపోయిన బ్రిటన్‌లో కూడా 1987 నాటి ప్లానింగు ఆర్డరు కాపురం ఉండే ఇంటిని ఒక తరగతిలోనూ, గెస్ట్‌హౌసుల్ని, హోటళ్లను ఇంకో తరగతిలోనూ పెట్టింది. ఒకటి రెండు గదులు అద్దెకిచ్చినంత కాలం అది ఇల్లే. గదులు పెరిగి, కాపురం తగ్గిపోతే అక్కడ అధికారి వచ్చి తలుపు కొడతాడు. ఇక్కడా అంతే, కాకపోతే మనవాడు కాస్త ఆలస్యంగా కొడతాడు. కట్టడం పూర్తయి, బ్యాంకు వాయిదాలు మొదలయ్యాక కొడతాడు. అదే అసలు ప్రమాదం.

ఇప్పుడు నేల సంగతి. మన ఇల్లు చూడ్డానికి ఒకటే గానీ కాగితాల్లో మూడు ముక్కలు. వీధి అరుగు నుంచి వంటిల్లు దాకా గ్రామకంఠం. దాంతో పెద్ద పేచీ లేదు. వెనక పెరడు మీ తాత కొన్నది, దానికి దస్తావేజు ఉంది. ఆ పెరడు దాటాక, నువ్వు కార్లు పెట్టిస్తానన్న రేకుల షెడ్డు ఉందే, ఆ జాగా ఎవరికో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అని నా అనుమానం. మీ తాత తెల్ల కాగితం మీద రాయించుకుని చదును చేయించాడు. ఆ కాలంలో అందరూ అలాగే చేసేవారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి కొనుగోలు చెల్లదు. అది 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముందు చూసుకో. ఉంటే షెడ్డు మాట మర్చిపో. కార్లు వీధి చివర పెట్టుకుంటారు.

ఉప్పుమళ్ల వైపు చూపు పోనీకు. "అటు గట్టు మీద రెండు పాకలేసి, ఉప్పు తీసే పని చూపిస్తే పట్నం వాళ్లు ఎగబడతారు" అన్నావు. ఎగబడతారు, నిజమే. తెల్లారగట్ల మడిలో నీరు ఆరి, ఉప్పు పువ్వు కట్టి, పారతో అంచుకు లాగి కుప్ప పోస్తుంటే చూడ్డానికి నాకే ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ భూమిలో చాలా భాగం కేంద్ర ప్రభుత్వ ఉప్పు శాఖది. చేసుకునేవాళ్లకు లీజు ఉంటుంది, అదీ ఉప్పు తీయడానికి. అతిథుల్ని నడిపించి చూపించు, మడి రైతుకు ఏదైనా ముట్టజెప్పు. పాక మాత్రం వేయకు.

ఇక పెరటి వెనక కాలువ. నువ్వు చూడనిది ఇదే. రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది మీటర్ల కన్నా వెడల్పున్న కాలువకీ, వాగుకీ తొమ్మిది మీటర్లు ఖాళీ వదలాలి. చిన్న కాలువైతే రెండు మీటర్లు. పదెకరాలు కాదు, పది హెక్టార్లు దాటిన చెరువైతే దాని నిండు నీటి గుర్తు నుంచి ముప్పై మీటర్లు, అంతకన్నా చిన్నదైతే తొమ్మిది. చెరువు గర్భంలోనైతే ఇటుక కూడా పెట్టకూడదు. ఈసారి వచ్చినప్పుడు ఒక పని చెయ్యి. బావి పక్కనున్న కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి టేపు పట్టి కాలువ గట్టు దాకా కొలిచి చూడు. ఎండాకాలంలో కాదు, వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చార ఉంటుంది, అక్కడిదాకా. నువ్వు బాత్రూములు కట్టిస్తానన్న చోటు తొమ్మిది మీటర్ల లోపలే పడుతుందని నా లెక్క. కాలువ వెడల్పు పది మీటర్లకు ఇటా అటా అన్నది గ్రామ సర్వేయరు తేల్చాలి. ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటంలో ఉన్న గట్టు ఒకచోట, ఇప్పుడున్న గట్టు ఇంకోచోట ఉండటం మన ఊళ్లో మామూలే. పటంలో ఉన్నదే చెల్లుతుంది.

అంతకన్నా పెద్ద మెలిక ఇంకోటుంది. సముద్రం మనకు దూరం కాబట్టి సీఆర్‌జెడ్ గొడవ లేదనుకుంటున్నావు. సీఆర్‌జెడ్, అదే తీరప్రాంత నియంత్రణ మండలం, అంటే బీచ్ ఒక్కటే కాదురా. పోటు నీరు ఎక్కే క్రీకుల వెంటా అది వస్తుంది. 2011 నోటిఫికేషన్‌లో అలాంటి నీటి అంచుకు వంద మీటర్లు, లేదా క్రీకు వెడల్పు, రెండింట్లో ఏది తక్కువైతే అది. 2019లో వచ్చిన కొత్త నోటిఫికేషన్ వందను యాభై చేసింది. పోటు ఎక్కడిదాకా వస్తుందని ఎలా తేలుస్తారో తెలుసా? ఏడాదిలో బాగా ఎండిపోయిన రోజుల్లో నీళ్లు తీసి ఉప్పు కొలుస్తారు. వెయ్యి పాళ్లలో అయిదు పాళ్లు ఉప్పున్నంత మేరా పోటు కిందే లెక్క. భావనపాడు వైపు నుంచి వచ్చే సముద్రపు నీటితోనే మన మళ్లు పండుతున్నాయి. మన కాలువ నీళ్లు నాలిక మీద వేసుకుంటే నీకే తెలుస్తుంది. కాబట్టి "మనకు వర్తించదు" అని నీ అంతట నువ్వు తీర్పు చెప్పేయకు. సీఆర్‌జెడ్ పటాల్లో మన సర్వే నెంబరు ఎక్కడుందో, ఇప్పుడు ఏ నోటిఫికేషన్ పటం నడుస్తోందో రాష్ట్ర తీరప్రాంత యాజమాన్య సంస్థను కాగితం మీద అడుగు. పక్షులు గూళ్లు పెట్టే చోట్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక, బురద నేలలు, ఇవన్నీ ఆ పటాల్లో అన్నిటికన్నా కట్టుదిట్టమైన రంగులో ఉంటాయి. మన చుట్టూ ఉన్నవి అవే కదా.

అయితే ఆ 2019 నోటిఫికేషన్‌లోనే నీకు పనికొచ్చే మాట ఒకటుంది. పల్లె తీరప్రాంతాల్లో స్థానికులు, మత్స్యకారులు తమ ఇళ్లలోనే హోంస్టే నడుపుకోవచ్చు. షరతు ఒకటే. ఇప్పుడున్న ఇంటి పునాది విస్తీర్ణం గానీ, రూపు గానీ, ముఖం గానీ మార్చకూడదు. నువ్వేమో ముందు అరుగు కొట్టేసి గాజు తలుపులు పెడతానన్నావు! చట్టం ఏ ఇంటిని చూసి నీకు దారి ఇస్తోందో ఆ ఇంటినే నువ్వు కొట్టేయబోతున్నావు.

కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కూడా ఇదే మాట ఇంకో పక్క నుంచి చెబుతుంది. ఒక గది నుంచి ఆరు గదుల దాకానే, పన్నెండు పడకలు మించకూడదు. వసతుల్ని బట్టి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. ఆ ఇంటి యజమాని కుటుంబంతో సహా అక్కడే కాపురం ఉండాలి. నీ ఎనిమిది గదులు దీని పరిధి దాటిపోయాయి. నువ్వేమో హైదరాబాదులో, ఇంట్లో జీతానికి పెట్టిన కుర్రాడు. అలా నడిస్తే దాన్ని లాడ్జీ అంటారు. లాడ్జీకి పంచాయతీ లైసెన్సు వేరు, వ్యాపార భవనం ప్లాను వేరు, మెట్ల వెడల్పు నుంచి కార్ల జాగా దాకా లెక్కలన్నీ వేరు. రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, నిజమే. దాని ఫలం అందుకోవాలన్నా ముందు నువ్వు ఏ తరగతిలో ఉన్నావో తేలాలి.

అంటే అసలు ప్రశ్న ఇది. ఆ ఇంట్లో ఉండేదెవరు? వదిన ఒక్కర్తే కదా. ఆవిడ్ని అడిగావా? పొద్దున్న అయిదింటికి లేచి పన్నెండు మందికి టిఫిను చేయాలి, అర్ధరాత్రి బండి దిగి తలుపు కొట్టినవాడికి గది చూపించాలి, వాడి గుర్తింపు కార్డు తీసుకుని రిజిస్టరులో రాయాలి. విదేశీయుడు దిగితే ఇరవై నాలుగు గంటల్లో అతని వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆవిడ సరేనంటేనే హోంస్టే. "సర్లే, గుంటడు ముచ్చట పడుతున్నాడు" అని ఊరుకుంటే దాన్ని ఒప్పుకోలు అనుకోకు. మూడు గదులతో మొదలుపెట్టి, వంటకు ఓ మనిషిని పెట్టి, నువ్వు నెలకు కొన్నాళ్లు వచ్చి ఉంటానంటే ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుందని నా నమ్మకం.

స్టేషను రోడ్డులో ఉన్న ఖాళీ జాగాలో కట్టేద్దామా అని కూడా అన్నావు. అక్కడ రైల్వే వాళ్లు ఉంటారు. రైల్వే హద్దు నుంచి భవనం అంచుకు ముప్పై మీటర్లు వదలాలి, లేదా వాళ్ల నిరభ్యంతర పత్రం తేవాలి అని రూల్సులో స్పష్టంగా ఉంది. నీ జాగా పొడవే ఎంత? పైగా అది పొలం ఖాతాలో ఉంది. 2006 నాటి నాలా చట్టం ఎత్తేశారట కదా, ఇక కన్వర్షన్ అక్కర్లేదట అని ఎవరో చెప్పారన్నావు. ఒక చార్జీ పేరు పోతే ఇంకో చార్జీ పేరు వస్తుంది నాన్నా. ఈ రోజున ఏ పేరుతో ఎంత కట్టాలో తహసీలులో, ప్లానింగు ఆఫీసులో అడగాలి. సుడా (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో మన సర్వే నెంబరు ఉందా, లేక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగు కింద పంచాయతీయే చూసుకుంటుందా అన్నదీ ఆ పూటే తేల్చుకో. ఆ ఒక్క జవాబు మీద నీ దరఖాస్తు ఏ బల్ల మీదికి వెళ్లాలో తేలుతుంది.

మిగతావి చిన్నవే. కరెంటు మీటరు గృహ కేటగిరీలో ఉంటే ఈపీడీసీఎల్ వాళ్లతో ముందే మాట్లాడుకో, తనిఖీలో పట్టుకుంటే వెనక్కి లెక్కగట్టి వేస్తారు. వంటకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకో. కొత్త బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం అడ్డొస్తుంది. మన ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి గనక ఆ ఖర్చు ఎలాగూ దండగ. పెరట్లో చింతచెట్టు జోలికి పోకు. దాని మీద పిట్టలు దిగితే నీకు బోర్డు కూడా అక్కర్లేదు.

నువ్వు చివర్న అన్న మాట నాకు బాగా గుచ్చుకుంది. "కట్టేద్దాం అత్తా, తర్వాత బీపీఎస్ వస్తుంది కదా, డబ్బు కట్టి సరిచేసుకోవచ్చు." నిజమే, అనుమతి లేని కట్టడాలను జరిమానాతో సరిచేసే ఆ స్కీమును ప్రభుత్వాలు కొన్నేళ్లకోసారి పెడుతూనే ఉన్నాయి. కానీ చెరువు గర్భంలో, ప్రభుత్వ భూమిలో కట్టినవాటికి, సీఆర్‌జెడ్ రూల్సు మీరినవాటికి అది వర్తించదు. మన ఇంటి ఇబ్బందులన్నీ సరిగ్గా ఆ జాబితాలోవే. కేరళలో వేంబనాడు సరస్సు మధ్య దీవిలో కాపికో అని పెద్ద రిసార్టు కట్టారు, యాభై నాలుగు విల్లాలు. సీఆర్‌జెడ్ రూల్సు మీరారని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చమంది. అదే నెలలో కొచ్చి దగ్గర మరడులో అపార్టుమెంట్లను టీవీల్లో అందరం చూస్తుండగానే పేల్చేశారు. కాపికోను 2022లో పడగొట్టడం మొదలుపెట్టారు. వాళ్లకు పెద్ద పెద్ద లాయర్లు ఉన్నారు, పంచాయతీ ఇచ్చిన పర్మిషన్లూ ఉన్నాయి. అయినా ఆగలేదు. నీ దగ్గర ఉన్నదల్లా మేస్త్రీ ఇచ్చిన ధైర్యం.

ఈ రూల్సు ఎవరో కూర్చుని మన మీద కక్షతో రాసినవి అనుకోకు. మన తంపర (చిత్తడి) నేలలు పోతాయని కాకరాపల్లి, వడ్డితాండ్ర వాళ్లు థర్మల్ ప్లాంటుకు ఎదురు నిలిచారు. 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. నీకప్పుడు చదువుల హడావిడి, గుర్తుందో లేదో. ఆ నీటిని కాపాడుకోవడానికి అంత మూల్యం చెల్లించిన ప్రాంతం ఇది. ఆ నీటిలోకే మన బాత్రూముల మురుగు వదిలితే, పక్క ఊరి వాళ్ల ముఖం చూడగలమా? చట్టం సంగతి సరే, ఊళ్లో తలెత్తుకు తిరగాలి కదా.

ఇప్పుడేం చేయాలో చెబుతాను. నోటిమాట నమ్మకు. "ఏం పర్లేదు బాబూ, కట్టీసుకో" అనేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. అందులో ఆఫీసుల వాళ్లూ ఉంటారు. రేపు వాళ్లకు బదిలీ అయిపోతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. చేయి తడిపి తెచ్చుకున్న పర్మిషను కన్నా, కాదని రాసిచ్చిన కాగితం మేలు. కాదని తెలిస్తే కనీసం డబ్బు మిగులుతుంది. సచివాలయంలో పంచాయతీ కార్యదర్శికి, సర్వేయరుకు, ఇంజినీరింగ్ అసిస్టెంటుకు వేర్వేరుగా అర్జీ రాసి, మూడింటికీ రసీదు తీసుకో. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దానికి ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కార్యదర్శి పెడతాడా?

అర్జీలో "రిసార్టు" అన్న మాట రాయకు, నువ్వు పెట్టేది అది కాదు. ఉన్న ఇంట్లో, ఉన్న గోడల మధ్య, కాపురం ఉంటూనే మూడు గదులు అతిథులకు ఇవ్వదలిచామని, ఇందుకు ఏయే అనుమతులు కావాలో తెలియజేయమని రాయి. సర్వే నెంబరు, ఇంటి నెంబరు, పన్ను రసీదు నకలు జతచెయ్యి. ఇంటి ముందు, వెనక, కాలువ వైపు తీసిన ఫొటోలు తేదీతో సహా పెట్టు. రేపు ఎవరైనా ఇది కొత్తగా కట్టినది అంటే, అరుగుతో ఉన్న పాత ముఖం ఆ ఫొటోలో కనబడుతుంది.

అర్జీ నమూనా నేను రాసి ఉంచుతాను. దసరాకు ఎలాగూ వస్తావు కదా, టెక్కలిలో దిగి నన్నూ తీసుకెళ్లు. సర్వేయరు కొలతకు వచ్చే రోజున పెరట్లో నేనూ ఉంటాను, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో నాకు తెలుసు. ఆ మూడు అర్జీలకూ జవాబు కాగితాలు చేతికి వచ్చేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ అత్త